మేడగది సున్నం

ధర్మవరంలో ఇన్సూరెన్సు ఆఫీసులో నా ఉద్యోగం, హిందూపురంలో నా ఇల్లు. రోజూ ఏడున్నర బస్సులో పోవడం, సాయంత్రం అదే దారిన తిరిగి రావడం. మధ్యలో పెనుకొండ వస్తుంది. నేను పుట్టి పెరిగిన ఊరు. అయినా బస్టాండులో బస్సు ఆగినంతసేపూ ఫోను చూసుకుంటూ కూర్చుంటానే గానీ దిగను, తల తిప్పి కొండవైపు చూడను. ఇన్నేళ్లుగా అదే అలవాటు. మొన్న బుధవారం మాత్రం మా బస్సు పక్కకు ఒక ట్రాక్టరు వచ్చి ఆగింది. ట్రాలీలో నీలం డ్రమ్ములు, డ్రమ్ముల నిండా నానబెట్టిన సున్నం. ఆ వాసన కిటికీలోంచి దూరి నేరుగా ముక్కుకెక్కింది. ఎండకు కాలిన బండ మీద నీళ్లు చల్లితే వచ్చే వాసన లాంటిది, కాకపోతే ఇంకా ఘాటు, గొంతు వెనక కొంచెం మంట. ఇప్పటి డబ్బా రంగులకు ఆ వాసన ఎక్కడిది?

"ఈ సున్నం యాడికప్పా?" అని కిటికీలోంచే ట్రాక్టరు డ్రైవరును అడిగాను.

"మహలుకక్కా. రిపేరీ జరుగుతాండాది. మేడమీద గోడలు గీకుతాండారు."

మేడమీద అనే మాట చెవిన పడగానే బ్యాగు తీసుకుని దిగిపోయాను. ఆఫీసుకు ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు. తొమ్మిదికి ఇంకో బస్సు ఉంది, దానికి పోవచ్చులే అనుకుంటూ, మళ్లీ మళ్లీ గడియారం చూసుకుంటూ, కాలు కాలిన పిల్లిలా బస్టాండు బయట రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, చివరికి కోటవైపు నడిచాను.

ఆ కట్టడానికి పెద్ద పేరే ఉంది. నీలం బోర్డు మీద మూడు భాషల్లో రాసి ఉంటుంది. దాన్ని పాడుచేస్తే జైలు అని కూడా రాసి ఉంటుంది. మేము మాత్రం మహలు అనేవాళ్లం, మా నాయన పని చేసేది అక్కడే కాబట్టి మా ఇంట్లో ఆ మాట రోజుకు నూరుసార్లు వినపడేది. కింది అంతస్తంతా రాయి, ఏనుగు వచ్చి ఒరుసుకున్నా కదలనట్టు. పై అంతస్తు ఇటుక, గచ్చు. ఒక కమానులో నిలబడి చూస్తే దాని లోపల ఇంకో కమాను, దాని లోపల ఇంకోటి, చివరి దాంట్లో కొండ ముక్క. ఆ కమాన్లు ఎన్నో లెక్కపెట్టాలని నాకు చిన్నప్పుడు ఒక పిచ్చి ఉండేది. పరుగెత్తుతూ లెక్కపెడితే ఎప్పుడూ లెక్క కుదిరేది కాదు, నిలబడి లెక్కపెట్టడానికి నాకు ఓపిక ఉండేది కాదు. మెట్లు ఒక మనిషి మాత్రమే పట్టేంత ఇరుకు, గోడ లోపలి నుంచి తొలిచినట్టు పోతాయి. ఎక్కేటప్పుడు కటిక చీకటి, గబ్బిలాల కంపు, చేతికి తగిలే చల్లటి గచ్చు. ఇంక అయిపోదా అనుకుంటుండగా ఒక్కసారిగా తలమీద వెలుగు పడి మేడ మీదికి తేలేవాళ్లం. అక్కడ ఒక చిన్న గది, ఆ గది నెత్తిన గుడిగోపురం లాంటి శిఖరం. కింద చూస్తే మసీదు కమాన్లు, పైన చూస్తే గుడి శిఖరం. చూడవచ్చిన వాళ్లు ఇది ఎవరిది అని తగువు పడేవాళ్లు. నాయన వాళ్ల మధ్యకు పోయి, "కింద కట్టినోడే పైన కట్టినాడప్పా. రెండూ మనవే, గోడ మీద చెయ్యి మాత్రం పెట్టొద్దండి," అనేవాడు.

మా ఎండాకాలం సెలవులన్నీ ఆ గోడల లోపలే గడిచాయి. బయట కొండ రాళ్లు ఎండకు పేలిపోతున్నట్టుండేవి, లోపల గోడకు చెంప ఆనిస్తే కుండలో నీళ్లు తాగినంత చల్లన. మధ్యాహ్నం పూట మేడగది కిటికీలోంచి గాలి సన్నగా ఈల వేసేది. అవ్వ కొంగులో మూటగట్టి తెచ్చిన వేయించిన శెనక్కాయలు, బెల్లం ముక్క తింటూ, పొట్టు కింద పడకుండా ఒళ్లోనే దాచుకుని, గచ్చు నేల మీద రాళ్లాట ఆడుకునేవాళ్లం. నేల నున్నగా ఉండేది, రాయి పడితే టంగుమనేది. వానలు వచ్చాక గోడల సందుల్లో నాచు పచ్చగా మొలిచేది, నాయన నిచ్చెన వేసుకుని ఒక్కో మొక్కనూ వేరుతో సహా చేత్తో పీకేవాడు, కత్తి పెడితే గచ్చు రాలుతుందని. చలికాలం ముందర కొండ మీంచి సీతాఫలాలు దిగేవి. గింజలు మహలు మెట్ల మీద ఉమ్మామంటే వీపు పగిలేది. మా నాయన ఇంట్లో ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు, ఆ గోడల విషయంలో తప్ప.

ఆయన దినకూలీ వాచ్‌మన్. అప్పటికే చాలా ఏళ్లుగా దినకూలీ. ఎండనక వాననక పొద్దున తాళం తీసి, సాయంత్రం తాళం వేసి, గోడల మీద పేర్లు చెక్కే కుర్రాళ్ల వెంటపడి తరిమి, చివరికి కాగితాల్లో ఆయన ఉద్యోగం పేరు 'కూలీ' అనే ఉండేది. పర్మినెంటు కావాలని ఆయనకు ఒకే ఒక్క ఆశ. అమ్మ దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు కూడా ఆ ఇంగ్లీషు మాటే అనేది. నాకు పదేళ్లప్పుడు, ఉగాది ఇంకో వారం ఉందనగా, కబురు వచ్చింది. పెద్ద ఆఫీసరు ఉగాది మర్నాడు మహలు చూడ్డానికి వస్తున్నాడు, నాయన ఫైలు ఆయన దగ్గరే ఉంది, చూసి మంచిమాట రాస్తే పని అయిపోయినట్టే. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరికీ అన్నం సరిగా దిగలేదు.

మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, నడుము వంగిపోయిన మనిషి. ఆమెకు ఉగాది అంటే ఓళిగలు కాదు, వేపపూత కాదు, సున్నం. పండక్కి నాలుగు రోజుల ముందే సున్నపురాళ్లు తెచ్చి పాత కడవలో వేసి నీళ్లు పోసేది. అది బుడబుడమని ఉడికి, పొగలు గక్కి, ఒక పూటకు చల్లారి వెన్నలా అయ్యేది. పాత చీర పేలికతో వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపి, కిత్తనారతో కట్టిన కుంచె ముంచి గోడకు కొట్టేది. కొట్టినప్పుడు ఏమీ కనపడదు, గోడ తడిసినట్టు మాత్రమే ఉంటుంది, ఆరేకొద్దీ తెల్లదనం లోపలి నుంచి పైకి వస్తుంది. ఆ వచ్చేదాన్ని చూస్తూ కూర్చోవడం ఒక్కటే నేను కుదురుగా చేసిన పని. ఆ తర్వాత గోడ అడుగున మూరెడు ఎత్తు జాజు పూత, అంటే నానబెట్టిన ఎర్రమన్ను, దాని అంచున తెల్లటి గీత, గీత మీద వేలితో చుక్కలు. జాజు పూయని ఇంట్లో పండగ అడుగుపెట్టదని అవ్వ నమ్మకం.

ఉగాది ముందురోజు నాయన హిందూపురం పోయాడు, ఆఫీసరు ముందర వేసుకోవడానికని కుట్టించిన ఖాకీ బట్టలు తెచ్చుకోవడానికి. అమ్మ మల్బరీ తోటలో ఆకు కోసే పనికి పోయింది. మహలు తాళంచెవి అవ్వ చేతిలో పెట్టి, "ఎవురినీ మేడెక్కనీవద్దు," అని మరీ మరీ చెప్పిపోయాడు నాయన.

అవ్వ ఎవరినీ ఎక్కనీయలేదు. తనే ఎక్కింది. పొద్దున మా ఇంటి సున్నం పని ముగిసేసరికి కడవలో సగం మిగిలింది. దాన్ని చూస్తూ కాసేపు కూర్చుని, "మనకు కూడు పెట్టే ఇల్లు కదే పాపా అది. అంత పెద్దాయన వస్తాండాడు. మన గుడిసెకు సున్నం కొట్టుకొని, ఆ మేడగదిని మసిబట్టి పెట్టుకుంటామా? చూసినోళ్లు ఏమనుకుంటారు?" అంది. నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. బిందెడు సున్నం, బక్కెట్టు జాజు నేనే ఆ చీకటి మెట్ల మీదుగా మోసుకుపోయాను. అవ్వ నాలుగు కాళ్ల మీద పాకుతూ వచ్చింది.

మేడగదిలో ఒక గూడు, గూటికి పైన గచ్చుతో చేసిన చిలకలు నాలుగు, రెండు ఇటు, రెండు అటు, ముక్కులు ఎదురెదురుగా పెట్టుకుని ఉండేవి. మహలు మొత్తంలో పాత రంగు మిగిలింది ఆ నాలుగు చిలకల మీదే. తక్కిన చోట్లన్నీ వానకూ ఎండకూ ఎప్పుడో కడుక్కుపోయింది. అవ్వ గోడలకు కుంచె ఆడిస్తూ ఆ చిలకల దాకా వచ్చి ఆగింది. "వాటికి ముట్టీయద్దు. పానం ఉన్నట్టుండాయి, కండ్లు మూసుకపోతాయి," అని చెప్పి, సున్నం పల్చన చేయడానికి నీళ్లకని కిందికి దిగింది. నడుము వంగిన మనిషి ఆ మెట్లు దిగి ఎక్కి రావాలంటే చాలాసేపు పడుతుంది. నేను ఊరికే కూర్చోగలనా? చుట్టూ గోడలన్నీ తెల్లగా తేలుతున్నాయి, మధ్యలో ఆ చిలకలు మాసిపోయినట్టు కనిపించాయి. గూటి అంచు మీదికి ఎక్కి నిలబడి, కుంచె ముంచి, నాలుగింటికీ పూసేశాను. ఒక్క చిలకతో ఆపుదామనుకున్నాను, తేడాగా కనిపించిందని మిగిలిన మూడింటికీ కూడా పూశాను. రెక్కల సందుల్లోకి వేలితో అద్దాను.

అవ్వ వచ్చి చూసి, తిట్టలేదు. కొంగు తడిపి తుడవబోయింది, పచ్చరంగు కొంగుకు అంటుకుని రావడం చూసి చేయి వెనక్కి తీసుకుంది. "పోనీలే," అంది. తర్వాత కూర్చుని జాజు పట్టీ పూసి, చుక్కలు కూడా పెట్టింది. ఎవరేమన్నా సరే, ఆ సాయంత్రం ఎండ పడితే ఆ గది పెళ్లికూతురిలా ఉంది.

నాయన చంకలో కొత్తబట్టల పొట్లంతో వచ్చి, మేడెక్కి, గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఎంత పని చేసినావమ్మా," అన్నాడు అవ్వతో, అంతే. కడిగేద్దాం అని అమ్మ అంటే, కడిగితే ఉన్న గచ్చు కూడా పోతుంది ముట్టుకోవద్దని అడ్డం పడ్డాడు. పండగ రోజు ఓళిగలు చేసింది అమ్మ. పాలు నెయ్యి వేసుకుని తినాల్సినవి, ఎవరి పళ్లెంలోవి వాళ్ల పళ్లెంలోనే ఉండిపోయాయి.

ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు. బూట్లు విప్పి మేడగదిలోకి వచ్చాడు. గోడలు చూసి చిన్నగా నవ్వాడు కూడా, జాజు చుక్కల దగ్గర వంగి చూశాడు. చిలకల దగ్గరికి వచ్చాక నవ్వు పోయింది. "గోడ సంగతి ఏదో చూసుకోవచ్చు. ఈ రంగు ఇంక రాదు. దీనికి ఒక్క ఫొటో కూడా సరిగ్గా తీయలేదు. ఎవరు పూశారు ఇది?" అని అడిగాడు.

కొత్త ఖాకీ చొక్కాలో నాయన చెమటతో తడిసిపోయి నిలబడి ఉన్నాడు. నేను కమాను చాటున ఉన్నాను. నోరు తెరిచాను. అవ్వ నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్లముందుంది.

"నేనే సామీ. ముసల్దాన్ని, కండ్లు సరిగ్గా కనపడవు. పండగ కదా అని పూసినా. నా కొడుకు ఊర్లో ల్యాడు. వానికేమీ తెలీదు."

ఆయన అక్కడే నిలబడి కాగితం మీద రాసుకున్నాడు. నాయన ఫైలు తిరిగి రాలేదు. ఇంకో రెండేళ్లు కూలీగానే ఉంచి, తర్వాత కాంట్రాక్టు వాళ్లు వచ్చారని, రేపటి నుంచి రావొద్దని చెప్పారు. ఆయన మమ్మల్ని తీసుకుని ధర్మవరం పోయి మగ్గాల దగ్గర పోగులు అతికే పనికి కుదిరాడు. గోడల మీద మొలిచిన మొక్కలు అంత ఓపిగ్గా పీకిన వేళ్లు కదా, ఆ పనీ బాగానే వచ్చింది. కానీ ఎప్పుడైనా పెనుకొండ మీదుగా పోవాల్సి వస్తే బస్సులో నిద్ర నటించేవాడు. నాకు అర్థమయ్యేది. నేను కూడా అది నేర్చుకున్నాను.

ఆఫీసరు వచ్చిపోయిన ఆ రాత్రే నేను అవ్వ పక్కలో పడుకుని, నాయనతో చెప్పేస్తానని ఏడ్చాను. అవ్వ నా నోటి మీద చెయ్యి పెట్టింది. సున్నానికి పగిలిన చెయ్యి, గరగరమంది. "నోరు మూసుకోని పండుకో. నా మీద మాటొస్తే ఏం పోతాది, రేపోమాపో పోయేదాన్ని. నువ్వు బతకాల్సిన పిల్లవు. మీ నాయన నిన్ను చూసినప్పుడల్లా అదే గుర్తుకు రావల్లనా?" అంది. ఆ తర్వాత ఆరేళ్లు బతికింది, ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. అవ్వ పోయాక చెబుదామనుకున్నాను, పరీక్షలు వచ్చాయి. ఉద్యోగం వచ్చాక చెబుదామనుకున్నాను, ఆయన అంత సంతోషంగా ఉంటే నోరు రాలేదు. పోయిన ఏడాదికి ముందు ఏడాది నాయన కూడా పోయాడు. తల్లి వల్ల ఉద్యోగం పోయిందనే అనుకుంటూ పోయాడు. ఆమెను ఒక్క మాట అనకుండా అన్నేళ్లు కోపం మింగుకున్న మనిషికి, ఆ కోపం ఉండాల్సింది ఆమె మీద కాదని చెప్పలేకపోయాను. పిరికిదాన్ని. ఇంతకంటే నాకు వేరే మాట లేదు.

మహలు చుట్టూ ఇప్పుడు ఇనుప కంచె, టికెట్టు కిటికీ, గడ్డి పరుపు, గడ్డి మీద నడవొద్దని బోర్డు. రాళ్లాట ఆడిన గచ్చు నేల పగిలిపోతే కొత్త బండలు పరిచారు, వాటి మీద రాయి పడితే టంగుమనదు. మేము ఉన్న ఇల్లు ఎక్కడుండేదో కాసేపు వెతికాను, అక్కడ కార్లు నిలిపి ఉన్నాయి. ఇంతలో తొమ్మిది గంటల బస్సు హారను కొట్టుకుంటూ దూరంగా పోయింది. పోనీలే అనుకుని మెట్లెక్కాను. చీకటి మాత్రం అదే చీకటి, కాకపోతే మోకాళ్లు పట్టేశాయి.

మేడగదిలో ఒక అమ్మాయి స్టూలు మీద కూర్చుని, చిన్న చాకుతో, దూదితో, గూటి పైనున్న గోడను గోరంత గోరంత గీకుతోంది. మడకశిర పిల్లనని చెప్పింది. మాటలో కాస్త కన్నడ యాస ఉంది. నాలుగు చిలకలూ సున్నం వదిలి బయటపడ్డాయి. బోడిగా, బూడిదరంగులో.

"ఈడ ఏమన్నా రంగు దొరుకుతాదేమో అని పది దినాల నుంచి చూస్తాండా మేడమ్. ఏమీ మిగల్లేదు. పాత కాగితంలో రంగు జాడలు ఉండేవి అని మాత్రం రాసుండారు. ఏ రంగో రాయలేదు," అంది.

"పాత కాగితంలో ఇంకేముంది?" అని అడిగాను.

ఆమె ఫైలు తిప్పి చదివింది. "దినకూలీ తల్లి తెలియక సున్నం పూయడం వల్ల నష్టం."

"అది తప్పు, దిద్దుకోమ్మా," అన్నాను. గుమ్మం మీదే కూర్చుని, అంతా చెప్పేశాను. పూసింది నేను, పదేళ్ల పిల్లను, మా అవ్వ వద్దనే చెప్పింది. తర్వాత రంగులు చెప్పాను. ఒళ్లు లేత చింతాకు పచ్చ, ముక్కు ఎరుపు, మెడకు సన్నటి ఎర్రగీత. ఎడమ చివరి చిలకకు మాత్రం ఆ గీత లేదు, పూసినవాడు మరిచిపోయినట్టున్నాడు. రెక్క అంచున పసుపు, కళ్లకు నలుపు. నేను పూడ్చిపెట్టినవి నాకు కాక ఇంకెవరికి తెలుస్తాయి? ఆ అమ్మాయి తలెత్తకుండా అన్నీ రాసుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని అనిపించింది.

చివరికి కాగితం నా వైపు తిప్పింది. కింద ఒక వరుస ఖాళీగా ఉంది. సమాచారం ఇచ్చినవారు, హోదా. పేరు చెప్పాను. హోదా అన్నప్పుడు ఇన్సూరెన్సు ఆఫీసు అని నోటిదాకా వచ్చింది.

"ఈ మహలు వాచ్‌మన్ కూతురు అని రాయి," అన్నాను.

ఆమె రాస్తూ ఆగింది. "వాచ్‌మన్ అంటే పర్మినెంటేనా మేడమ్? కూలీ అయితే వేరే రాయల్ల."

"పర్మినెంటే," అని చెప్పి, కింద సంతకం పెట్టాను.